బోస్నియా అధ్యక్ష మండలి: ముగ్గురు సభ్యులు, ఎనిమిది నెలల వంతు. లోపల ఎలా నడుస్తుంది?

హేలాపురి:
బోస్నియా–హెర్జెగోవినాకు "కొత్త అధ్యక్షుడు" వచ్చారని ఎనిమిది నెలలకోసారి మన పత్రికల్లో నాలుగు లైన్ల వార్త పడుతుంది. నిజానికి అక్కడ అధ్యక్షుడు మారలేదు. దేశాధినేత అంటే ముగ్గురూ కలిసిన మండలి. ఆ మండలి సమావేశాలకు అధ్యక్షత వహించే వంతు మాత్రమే మారింది. ఇక్కడ రాజ్యాంగ పాఠం చదివినవాళ్లు, బాల్కన్ రాజకీయాలు గమనిస్తున్నవాళ్లు ఉన్నారు కాబట్టి మూడు సంగతులు తేల్చుకుందాం. ఎన్నిక ఎలా జరుగుతుంది? ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపు అయితే ఏమవుతుంది? క్రొయేట్ సీటు మీద ఇన్నేళ్ల గొడవ దేనికి?

మంజీర:
ఎన్నికతో మొదలుపెడతాను, మిగతా చిక్కులన్నీ అక్కడే పుట్టాయి.

బోస్నియా రాజ్యాంగం ఒక శాంతి ఒప్పందానికి అనుబంధం. 1995 నవంబరు 21న అమెరికాలోని డేటన్‌లో ఒప్పందం కుదిరింది, డిసెంబరు 14న పారిస్‌లో సంతకాలయ్యాయి. అందులో 4వ అనుబంధమే రాజ్యాంగం. దాని 5వ అధికరణం అధ్యక్ష మండలి గురించి చెబుతుంది. దేశంలోని మూడు ప్రధాన జాతుల నుంచి ఒక్కొక్కరు: ఒక బోస్నియాక్ (బోస్నియా ముస్లిం), ఒక క్రొయేట్, ఒక సెర్బ్. మొదటి ఇద్దరినీ ఫెడరేషన్ భూభాగం నుంచి, సెర్బ్ సభ్యుణ్ణి రిపబ్లికా సర్ప్‌స్కా భూభాగం నుంచి నేరుగా ఓటర్లే ఎన్నుకోవాలి. దేశంలో ఉన్న రెండు పెద్ద విభాగాలు ఇవే. వీటిని అక్కడ ఎంటిటీలు అంటారు. బ్రిచ్కో జిల్లా వేరు. అక్కడివాళ్లు ఏదో ఒక ఎంటిటీ పౌరసత్వం ఎంచుకుని దాని ప్రకారం ఓటేస్తారు.

బ్యాలెట్ సంగతి జాగ్రత్తగా చూడండి. రిపబ్లికా సర్ప్‌స్కాలో ఓటరుకు సెర్బ్ అభ్యర్థుల జాబితా ఒక్కటే వస్తుంది. ఫెడరేషన్‌లో బోస్నియాక్, క్రొయేట్ అభ్యర్థులందరూ ఒకే బ్యాలెట్ మీద ఉంటారు, ఓటరు వాళ్లందరిలో ఒక్కరికే గుర్తు పెట్టాలి. అభ్యర్థి తన జాతి ప్రకటించుకోవాలి, ఓటరు ప్రకటించనక్కర్లేదు. రెండో విడత పోలింగ్ లేదు. 50 శాతం దాటాలన్న నియమమూ లేదు. ఆ జాతి అభ్యర్థుల్లో ఎవరికి ఎక్కువ ఓట్లు పడితే వాళ్లే గెలిచినట్టు.

పదవీకాలం నాలుగేళ్లు. 1996లో ఎన్నికైన మొదటి మండలికి మాత్రం రెండేళ్లే. వరుసగా రెండుసార్లు ఉండొచ్చు, ఆ తర్వాత నాలుగేళ్లు పోటీకి దూరం. క్రొయేట్ సభ్యుడు జెల్కో కోమ్షిచ్ 2006, 2010ల్లో గెలిచి, 2014లో ఆగి, మళ్లీ 2018, 2022ల్లో గెలిచింది ఈ లెక్క ప్రకారమే.

కిన్నెరసాని:
వంతు గురించి నేను చెబుతాను. ఎనిమిది నెలల చొప్పున ముగ్గురికి 24 నెలలు. 48 నెలల పదవీకాలంలో ఒక్కొక్కరికి రెండు వంతులు వస్తాయి. వరుస సెర్బ్, క్రొయేట్, బోస్నియాక్. ప్రస్తుత మండలిలో 2022 నవంబరులో జెల్కా స్వియానోవిచ్ మొదలుపెట్టారు (మండలికి ఎన్నికైన మొదటి మహిళ ఆమే), 2023 జులైలో కోమ్షిచ్, 2024 మార్చిలో డెనిస్ బెచిరోవిచ్. ఆ నవంబరులో చక్రం మళ్లీ మొదటికొచ్చింది.

మొదటి ఎన్నికలో మాత్రం అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చిన సభ్యుడే అధ్యక్షత వహించాలని రాజ్యాంగం చెప్పింది. అలా అలియా ఇజెత్‌బెగోవిచ్ రెండేళ్లూ ఆ కుర్చీలోనే ఉన్నారు. తర్వాతి పద్ధతిని పార్లమెంటుకు వదిలేస్తే ఎనిమిది నెలల వంతు వచ్చింది. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే ఇప్పటికీ మొదట కూర్చుంటారని కొన్ని వెబ్‌సైట్లలో రాస్తున్నారు, నమ్మకండి. 2010లో ముగ్గురిలోకీ ఎక్కువ ఓట్లు కోమ్షిచ్‌కు వచ్చాయి. మొదటి వంతు మాత్రం నెబోయ్షా రద్మనోవిచ్‌ది.

ఆ కుర్చీలో అధికారం ఎంత అంటే చాలా తక్కువ. సమావేశం పిలవడం, ఎజెండా పెట్టడం, నడపడం, బయట మండలి తరఫున మాట్లాడటం. అదనపు ఓటు లేదు. ముగ్గురే ఉంటారు కాబట్టి సరిసమానం అయ్యే అవకాశమూ తక్కువే. వార్తల్లో అందరూ చూసేది ఈ వంతునే, కానీ ఈ యంత్రంలో అన్నిటికన్నా తేలికైన భాగం ఇదే.

పౌరనీతి:
అవునండి. బరువంతా 5వ అధికరణం 2వ పేరాలో ఉంది. ఒక ఊహాత్మక ఉదాహరణతో మెట్టుమెట్టుగా చెబుతాను.

ఒక రాయబారి నియామకం మండలి ముందుకొచ్చింది అనుకుందాం. ముందు ఏకాభిప్రాయానికి ప్రయత్నించాలి. అన్ని ప్రయత్నాలూ విఫలమైతే ఇద్దరి ఓటుతో నిర్ణయం చేయొచ్చు. బోస్నియాక్, క్రొయేట్ సభ్యులు అవునన్నారు, సెర్బ్ సభ్యురాలు కాదన్నారు. నిర్ణయం ఆమోదం పొందినట్టే. అక్కడినుంచి గడియారం మొదలవుతుంది. మూడు రోజుల్లోగా ఆమె "ఇది నేను ఎన్నికైన ఎంటిటీ కీలక ప్రయోజనానికి విఘాతం" అని ప్రకటించొచ్చు. ప్రకటించిన వెంటనే విషయం రిపబ్లికా సర్ప్‌స్కా జాతీయ అసెంబ్లీకి వెళ్తుంది. ఆ అసెంబ్లీ పది రోజుల్లోగా మూడింట రెండు వంతుల ఓట్లతో ధ్రువీకరిస్తే నిర్ణయం అమలులోకి రాదు. 83 మంది సభ్యుల అసెంబ్లీలో అది 56 ఓట్లు. అన్ని ఓట్లు రాకపోయినా, పది రోజులు దాటిపోయినా నిర్ణయం నిలుస్తుంది.

బోస్నియాక్ సభ్యుడు అభ్యంతరం చెబితే అది ఫెడరేషన్ పార్లమెంటులోని జాతుల సభలో ఉన్న బోస్నియాక్ ప్రతినిధుల దగ్గరికి, క్రొయేట్ సభ్యుడు చెబితే అదే సభలోని క్రొయేట్ ప్రతినిధుల దగ్గరికి వెళ్తుంది. 2022 అక్టోబరులో హై రిప్రజెంటేటివ్ (డేటన్ ఒప్పందం అమలును చూసే అంతర్జాతీయ అధికారి) చేసిన మార్పు తర్వాత ఒక్కో జాతికి 23 మంది ప్రతినిధులున్నారు. అందులో మూడింట రెండు వంతులంటే 16.

కాబట్టి ఒక్క సభ్యుడు ఒంటరిగా ఇలాంటి నిర్ణయాన్ని చంపలేడు. వెనక అసెంబ్లీ బలం ఉన్నప్పుడే వీటో పనిచేస్తుంది. ఈ ముక్క వదిలేసి "ఒక్కరు కాదంటే దేశం ఆగిపోతుంది" అని రాయడం తప్పు.

తుంగభద్ర:
పౌరనీతి గారూ, మీరు చెప్పిన మెట్లు సరైనవే. అసమానత ఒకటి ఉంది, అదీ చెప్పాలి. సెర్బ్ సభ్యుడి అభ్యంతరాన్ని ఒక ఎంటిటీ అసెంబ్లీ మొత్తం తూకం వేస్తుంది. మిగతా ఇద్దరి విషయంలో ఒక సభలోని ఒక జాతి బృందమే తూకం వేస్తుంది. రాజ్యాంగ వాక్యంలో "ఎంటిటీ ప్రయోజనం" అని ఉంది, "జాతి ప్రయోజనం" అని లేదు. అంటే క్రొయేట్ సభ్యుడు ఫెడరేషన్ మొత్తానికి నష్టమని ప్రకటించాలి, దాన్ని క్రొయేట్ ప్రతినిధులు మాత్రమే తేల్చాలి. ఒకే ఎంటిటీని ఇద్దరు పంచుకోవడం వల్ల వచ్చిన అతుకు ఇది.

ఇప్పుడు దీన్ని కోమ్షిచ్ పరిస్థితితో కలిపి చూడండి. క్రొయేట్ సీటులో కూర్చున్నది ఆయన. ఆయన వీటో చేస్తే ధ్రువీకరించాల్సింది జాతుల సభలోని క్రొయేట్ బృందం. ఆ బృందంలో బలం ఆయన్ను వ్యతిరేకించే హెచ్‌డీజెడ్‌ది, అది క్రొయేట్ల ప్రధాన పార్టీ. ఆయన చేతిలో ఆయుధం ఉంది, తూటాలు ప్రత్యర్థుల దగ్గర ఉన్నాయి. రాజకీయంగా ఎవరి పక్షాన ఉన్నా, రాజ్యాంగం ఇచ్చిన ఒక రక్షణ పనిచేయని స్థితికి చేరిందని ఒప్పుకోవాల్సిందే.

హేలాపురి:
కోమ్షిచ్ క్రొయేటే కదా? ఆ సీటు ఆయనకు రావడంలో చట్టవిరుద్ధం ఏముంది?

మంజీర:
చట్టవిరుద్ధం ఏమీ లేదు. నేను పైన చెప్పిన బ్యాలెట్టే కారణం. 2013 జనగణన ప్రకారం దేశంలో బోస్నియాక్‌లు 50.1 శాతం, సెర్బులు 30.8, క్రొయేట్లు 15.4. ఫెడరేషన్‌లో క్రొయేట్ల కన్నా బోస్నియాక్‌లు మూడు రెట్లకు పైగా ఉన్నారు. బోస్నియాక్ ఓటర్లలో ఒక భాగం క్రొయేట్ పేరుకు గుర్తు పెడితే చాలు, క్రొయేట్ సీటు ఎవరిదో వాళ్లే తేల్చేయగలరు. 2018లో కోమ్షిచ్‌కు క్రొయేట్ అభ్యర్థుల ఓట్లలో 53 శాతం దాకా వస్తే, హెచ్‌డీజెడ్ నాయకుడు డ్రాగన్ చోవిచ్‌కు 36 శాతం వచ్చింది. కోమ్షిచ్ ఓట్లు ఎక్కువగా బోస్నియాక్‌లు మెజారిటీగా ఉన్న మునిసిపాలిటీల నుంచి వచ్చాయి. క్రొయేట్లు ఎక్కువగా ఉన్న హెర్జెగోవినా ప్రాంతంలో చోవిచ్ గెలిచారు.

ఇందులో రెండు వాదనలూ బలమైనవే. "మా సీటును మరొకరు నింపుతున్నారు" అని క్రొయేట్ పార్టీలు అంటాయి. "నేను ఫెడరేషన్ పౌరులందరి ఓట్లతో గెలిచాను, జాతి గుత్తకు తీసుకున్న సీటు కాదిది" అన్నది కోమ్షిచ్ వైఖరి. రాజ్యాంగం అభ్యర్థి జాతిని నిర్ణయించి, ఓటరు జాతిని వదిలేసింది. రెండు సూత్రాలను ఒకే బ్యాలెట్‌లో కట్టేశారు.

దీని ఫలితం మంత్రి మండలి ఏర్పాటులోనూ కనిపించింది. మంత్రి మండలి అధ్యక్ష పదవికి (ప్రధాని లాంటిది) పేరు ప్రతిపాదించేది అధ్యక్ష మండలే, ఆమోదించేది దేశ పార్లమెంటులోని ప్రతినిధుల సభ. 2022 డిసెంబరులో హెచ్‌డీజెడ్ నాయకురాలు బోర్యానా క్రిష్టో పేరును స్వియానోవిచ్, బెచిరోవిచ్ ఇద్దరి ఓట్లతో ప్రతిపాదించారు. క్రొయేట్ సభ్యుడు కోమ్షిచ్ వ్యతిరేకంగా ఓటేశారు. అంతకు రెండు నెలల ముందు అదే క్రొయేట్ సీటుకు ఆయన మీద పోటీ చేసి ఓడిన అభ్యర్థి ఆమే.

ఓరుగల్లు:
మన దగ్గరి సంగతి ఒకటి ఇక్కడ పనికొస్తుంది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలోనూ ఇలాంటి లెక్కలున్నాయి. మంత్రివర్గంలో ఆంధ్రకు 60, తెలంగాణకు 40 శాతం. ముఖ్యమంత్రి ఆంధ్రవారైతే ఉప ముఖ్యమంత్రి తెలంగాణవారు, అటువారైతే ఇటువారు. ఆ నవంబరులో రాష్ట్రం ఏర్పడ్డాక నీలం సంజీవరెడ్డి మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రి పదవే పెట్టలేదు. అడగడానికి కోర్టు లేదు, ఆపడానికి వీటో లేదు.

బోస్నియాలో అలాంటి వాటాలు రాజ్యాంగంలోనే ఉన్నాయి. రాయబారుల్లో మూడింట రెండు వంతులకు మించి ఫెడరేషన్ నుంచి ఉండకూడదు, మంత్రుల్లోనూ అంతే. ఉప మంత్రి తన మంత్రి జాతికి చెందినవాడై ఉండకూడదు. అందుకే అక్కడ వాటా ఎగ్గొట్టడం కష్టం. తెలంగాణ అనుభవం తెలిసినవాళ్లకు రాతలో ఉన్న హామీ విలువ వేరే చెప్పక్కర్లేదు.

తుంగభద్ర:
ఓరుగల్లు గారి పోలిక నాకు నచ్చింది, కానీ సగమే ఒప్పుకుంటాను. రాతలో పెట్టినందువల్ల మరో సమస్య వచ్చింది. ఆ వాటాల్లో పేరు లేని మనిషికి చోటే లేదు.

యాకొబ్ ఫిన్సీ యూదుడు, దేర్వో సేజ్దిచ్ రోమా జాతివాడు. ఇద్దరూ బోస్నియా పౌరులే. బోస్నియాక్, క్రొయేట్, సెర్బ్ అన్న మూడు "రాజ్యాంగ జాతుల్లో" లేరు కాబట్టి అధ్యక్ష మండలికి పోటీ చేయలేరు. 2009 డిసెంబరు 22న ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఇది వివక్ష అని తీర్పిచ్చింది. ఆ సమయంలో ఫిన్సీ స్విట్జర్లాండ్‌లో బోస్నియా రాయబారి. రాయబారులను నియమించేది అధ్యక్ష మండలి. ఆ మండలి ఆయన్ను దేశం తరఫున బెర్న్‌కు పంపగలదు, ఆయన మాత్రం ఆ మండలిలో సీటుకు నామినేషన్ వేయలేడు.

ఆ తర్వాత తీర్పులు వరుసగా వచ్చాయి. 2014లో జొర్నిచ్ కేసు: ఏ జాతినీ ప్రకటించుకోని పౌరురాలు. 2016లో పిలావ్ కేసు: స్రెబ్రెనిత్సాలో ఉండే బోస్నియాక్. ఆ ఊరు రిపబ్లికా సర్ప్‌స్కాలో ఉంది, అక్కడినుంచి సెర్బులే పోటీ చేయాలి. 2020లో పుదారిచ్ కేసు దానికి అటువైపు: ఫెడరేషన్‌లో ఉండే సెర్బ్. అన్నిట్లో బోస్నియా ఓడింది. రాజ్యాంగం మారలేదు.

పౌరనీతి:
కొవాచెవిచ్ కేసు కూడా కలపండి, లేకపోతే చిత్రం తప్పుగా ఉంటుంది. పై కేసులు పోటీ చేసే హక్కు గురించి. ఇది ఓటేసే హక్కు గురించి: నచ్చిన అభ్యర్థి వేరే ఎంటిటీలోనో వేరే జాతిలోనో ఉంటే ఓటు వేయలేకపోతున్నానన్నది ఫిర్యాదు. 2023 ఆగస్టు 29న అదే న్యాయస్థానంలోని చాంబర్ ఆయన పక్షాన తీర్పిచ్చింది. 2025 జూన్ 25న దాని పై ధర్మాసనమైన గ్రాండ్ చాంబర్ ఆ పిటిషన్ విచారణార్హం కాదని కొట్టేసింది. 2023 తీర్పును మాత్రమే ఉటంకించి "మొత్తం వ్యవస్థే రద్దయింది" అని రాసినవి ఇంకా తిరుగుతున్నాయి. సేజ్దిచ్–ఫిన్సీ తీర్పు మాత్రం చెక్కుచెదరలేదు, అమలు బాధ్యత అలాగే ఉంది.

కిన్నెరసాని:
మార్చడానికి ఒక గట్టి ప్రయత్నం జరిగింది. 2006 ఏప్రిల్ ప్యాకేజీ. ముగ్గురినీ నేరుగా ఎన్నుకునే బదులు పార్లమెంటు ఎన్నుకునే ఒక అధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు అన్నది ప్రతిపాదన. రాజ్యాంగ సవరణకు ప్రతినిధుల సభలో మూడింట రెండు వంతులు కావాలి. 42 మందిలో 26 మంది అవునన్నారు, 28 కావాల్సి ఉంది. రెండు ఓట్ల దూరంలో ఆగిపోయింది. అంత దగ్గరికి మళ్లీ రాలేదు. ఆ రెండు ఓట్లు పడి ఉంటే ఇవాళ కోమ్షిచ్ సీటు వివాదం ఈ రూపంలో ఉండేది కాదని నా నమ్మకం.

హేలాపురి:
వీటో అన్ని నిర్ణయాలకూ వర్తిస్తుందా? బడ్జెట్, సైన్యం కూడానా?

పౌరనీతి:
లేదండి. ఇద్దరి ఓటు, మూడు రోజుల అభ్యంతరం అన్న ఏర్పాటు 5వ అధికరణం 3వ పేరాలో మొదటి ఐదు అంశాలకే: విదేశాంగ విధానం, రాయబారుల నియామకం, అంతర్జాతీయ సంస్థల్లో ప్రాతినిధ్యం, ఒప్పందాలు, పార్లమెంటు నిర్ణయాల అమలు.

బడ్జెట్ ఆరో అంశం. మంత్రి మండలి సిఫార్సు మీద అధ్యక్ష మండలి దాన్ని పార్లమెంటుకు ప్రతిపాదిస్తుంది. సకాలంలో పాస్ కాకపోతే గత సంవత్సరం బడ్జెట్‌తో తాత్కాలికంగా నడుస్తుంది. పార్లమెంటులో మాత్రం వేరే గేట్లున్నాయి. దేశ పార్లమెంటుకూ ఒక జాతుల సభ ఉంది, ఫెడరేషన్ సభ వేరు. ఇందులో 15 మంది, జాతికి ఐదుగురు. కోరం తొమ్మిది, అందులో ప్రతి జాతి నుంచి కనీసం ముగ్గురుండాలి. ఒక జాతి నుంచి ముగ్గురు బయటికి నడిస్తే సభ జరగదు. చాలా సందర్భాల్లో అధ్యక్ష మండలి వీటో కన్నా ఈ కోరమే పెద్ద ఆటంకం.

సైన్యం వేరే దారి. మొదట్లో ఎంటిటీలకు వేరువేరు సైన్యాలుండేవి. 2005 రక్షణ చట్టంతో, 2006 జనవరి 1 నుంచి ఒకే సాయుధ దళం అయింది. దానికి సర్వోన్నత ఆధిపత్యం అధ్యక్ష మండలిది, ఏకాభిప్రాయంతోనే. ఇక్కడ ఇద్దరి ఓటు చాలదు. ఒక్కరు ఒప్పుకోకపోతే దళాన్ని కదపలేరు. మూడేళ్లు యుద్ధం చేసుకున్న వర్గాలు ఒకే సైన్యానికి ఒప్పుకున్నది ఈ హామీ మీదే.

మంజీర:
విదేశాంగంలో ఇది ఎలా తగులుతుందో చెబుతాను. సెర్బియా నుంచి విడిపోయినట్టు ప్రకటించుకున్న కొసావోను బోస్నియా గుర్తించలేదు, సెర్బ్ సభ్యుడు ఒప్పుకునే అంశం కాదది. ఇక 2018 అక్టోబరు ఎన్నికల తర్వాత నాటోకు పంపాల్సిన వార్షిక కార్యక్రమం మీద మండలిలో ఒప్పందం కుదరలేదు, దానితో ముడిపడి మంత్రి మండలి ఏర్పాటు ఆగింది. జొరాన్ తెగెల్తియా నేతృత్వంలో కొత్త మంత్రి మండలి వచ్చేసరికి 2019 డిసెంబరు. పద్నాలుగు నెలలు పాత మంత్రి మండలే నడిపింది. అక్కడ ఎవరూ మూడు రోజుల అభ్యంతరం వాడి గెలవలేదు. ప్రతిపాదన ఓటుకు రాకుండా బేరం సాగదీశారు. కాగితం మీద గడువులన్నీ నిర్ణయం తీసుకున్నాక మొదలవుతాయి. నిర్ణయమే తీసుకోకపోతే ఏ గడువూ లేదు. ఈ రాజ్యాంగంలో అసలు రంధ్రం అదే.

ఓరుగల్లు:
మరి అలా ఇరుక్కున్నప్పుడు ఎవరు తీస్తారు?

మంజీర:
డేటన్ ఒప్పందం 10వ అనుబంధం కింద హై రిప్రజెంటేటివ్ ఉన్నారు, 1997 డిసెంబరులో బాన్ సమావేశం తర్వాత చట్టాలు విధించే, అధికారులను తొలగించే అధికారాలొచ్చాయి. మండలి సభ్యులనే తీసేశారు: 2001 మార్చిలో క్రొయేట్ సభ్యుడు ఆంతె యెలావిచ్‌ను వోల్ఫ్‌గాంగ్ పెట్రిచ్, 2005 మార్చిలో డ్రాగన్ చోవిచ్‌ను పాడీ ఆష్‌డౌన్. ఖాళీ అయిన సీటుకు పార్లమెంటు కొత్త సభ్యుణ్ణి ఎంచుతుంది. ఓటర్లు నేరుగా ఎన్నుకున్న ప్రతినిధిని ఒక విదేశీ అధికారి సంతకంతో దించడం ప్రజాస్వామ్యానికి మంచిది కాదని నేను గట్టిగా అనుకుంటాను.

కిన్నెరసాని:
ఒకప్పుడు బోస్నియా భాగంగా ఉన్న యుగోస్లావియా సంగతి చెప్పకుండా ఈ చర్చ పూర్తికాదు. డేటన్‌లో కూర్చున్నవాళ్లందరికీ ఆ పాఠం తెలుసు.

1974 రాజ్యాంగం కింద యుగోస్లావియా అధ్యక్ష మండలిలో ఆరు రిపబ్లిక్‌లు, రెండు స్వయంప్రతిపత్తి ప్రాంతాల నుంచి ఒక్కొక్కరు. దేశాధినేత టిటో 1980 మే 4న చనిపోయాక అధ్యక్షత ఏటా మే 15న వరుస ప్రకారం మారేది. పదేళ్లు బాగానే నడిచింది. 1991 మే 15న వంతు క్రొయేషియాకు చెందిన స్త్యెపాన్ మేసిచ్‌ది. వరుస ముందే ఖరారైనా మండలి ఓటేయాలి, ఎనిమిది మందిలో ఐదు ఓట్లు కావాలి. సెర్బియా పక్షం అడ్డుపడింది, ఐదు రాలేదు. దేశాధినేత కుర్చీ ఖాళీ. ఐరోపా మధ్యవర్తులు వచ్చి జూన్ ఆఖరుకు మేసిచ్‌ను కూర్చోబెట్టేసరికి స్లోవేనియాలో కాల్పులు మొదలయ్యాయి.

అందుకే వంతు మార్పిడిని ఎవరి దయకూ వదలకూడదు. బోస్నియాలో ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోని రోజుల్లో కూడా ఎనిమిది నెలల వంతు ఆగలేదు. సరిసంఖ్య పెట్టకపోవడం కూడా అంతే ముఖ్యం.

తుంగభద్ర:
ఎన్నికలు నాలుగేళ్లకోసారి అక్టోబరు మొదటి ఆదివారం జరుగుతాయి. 2022 తర్వాతది 2026. వరుసగా రెండుసార్లు అయిపోయింది కాబట్టి కోమ్షిచ్ ఈసారి పోటీ చేయలేరు. కానీ ఆయన్ను గెలిపించిన బ్యాలెట్ మాత్రం అదే. ఫలితాలు చూసేటప్పుడు క్రొయేట్ సీటుకు ఎవరు గెలిచారన్నది మాత్రమే చూడకండి. ఆ గెలుపు క్రొయేట్లు ఎక్కువున్న పశ్చిమ హెర్జెగోవినా కాంటన్ (ఫెడరేషన్‌లోని ఉపవిభాగం) నుంచి వచ్చిందా, బోస్నియాక్‌లు ఎక్కువున్న సరయెవో, తూజ్లా కాంటన్ల నుంచి వచ్చిందా అన్నది చూడండి. తర్వాత ఫెడరేషన్ జాతుల సభలోని 23 మంది క్రొయేట్ ప్రతినిధుల్లో ఆ విజేత వెనక 16 మంది ఉన్నారా అని లెక్కేయండి. వచ్చే నాలుగేళ్లు ఆ సీటుకు వీటో ఉందో లేదో ఆ లెక్కలోనే తెలుస్తుంది.